నెమలి కింద మరక

మూడు లాంతర్లు దాటి లోపలికెళ్తే
మూతబడ్డ జూట్ మిల్లు గోడౌన్లో
ఇప్పుడు దర్బారు నడుస్తోంది.
మగ్గాలు ఊడబీకి అమ్మీసిన చోట
అట్టముక్కల సింహాసనం, థర్మోకోల్ ఏనుగు తల.
అప్పట్లో మూడో షిఫ్టు, ఎనిమిదో నంబరు మగ్గం నాది.
ఇప్పుడు అదే మూల నా కుట్టుమిషను.
జీతం రోజు ఒక్కటే తేడా:
అప్పుడు ఉండేది.

సైనికుల ఉక్కు కవచాలు నేనే అల్లుతాను,
జనపనార పురితో.
వెండి రంగు కొడితే కెమేరాకి ఇనుమే.
ఎండెక్కితే మాత్రం మిల్లు వాసన.
కత్తి తగిలి కూలినవాడు
కట్ చెప్పగానే
వీపు గోక్కుంటూ లేస్తాడు.

కోటు ఒకటుంది. పచ్చ మఖమల్, జరీ అంచు,
ఎడంచెయ్యి అరంగుళం పొట్టి.
సోమవారం సీరియల్లో అది రాజుగారిది.
బుధవారం సీరియల్లో
రాజుకి విషం పెట్టిన దివానుది.
మంగళవారం చంకల్లో స్పిరిట్ చల్లి నీడన ఆరేస్తాను.
కాలరు లోపల సుద్దగీతలు, ఎవరి మెడ ఎంతో:
రాజుకి పదహారు, దివానుకి పదిహేడున్నర.
ద్రోహానికి కాస్త వదులు కావాలి.

పోలినాయుడు కోట జంక్షన్లో ఆటో తోలుతాడు.
షూటింగుంటే మా సైన్యం.
పొద్దున్న ఎర్ర తలపాగాతో పడిపోనాడు,
ఉప్మా తిని నీలం చుట్టుకొని
ఎర్రోళ్ళ మీదికి ఉరికినాడు.
"అప్పా, నన్ను నేనే పొడిచీసినట్టున్నాను" అని ఒకటే నవ్వు.
నాలుగొందలు రోజుకి.
రెండుసార్లు చచ్చినా నాలుగొందలే.

ఆఖరి యుద్ధంలో రాజుగారి గుండెలో ఈటె దిగింది.
బీట్‌రూట్ రసం, బెల్లం పాకం,
మేకప్ తవుడు చేతి నెత్తురు.
తెల్లారీసరికి చీమలు బారులు కట్టాయి.
నిమ్మచెక్క రుద్దాను, కిరసనాయిలు రుద్దాను,
అరచేతంత మరక అలాగే ఉండిపోనాది.
పదిగంటలకి దివాను రావాలి.
చచ్చిన రాజు గాయం
బతికున్న దివాను మీద ఎలా?

మా పెద్దగుంట పాత లంగా అంచు కత్తిరించి
మరక మీద నెమలిని కుట్టీశాను.
గుడ్డ చాల్లేదు. తోకకి మూడు కళ్ళే పడ్డాయి.

డైరెక్టరు దగ్గరికొచ్చి వేలితో తడిమాడు.
ఉద్యోగం పోయిందనుకున్నాను.
"బాగుందే, అందరికీ వేసెయ్" అన్నాడు.
ఆ వారం నించి జెండా మీద నెమలి, డాలు మీద నెమలి,
థర్మోకోల్ ఏనుగు నుదుటి మీద నెమలి.
సోమవారం యువరాజు పట్టాభిషేకానికీ ఈ కోటే.
రెండు వంశాలకీ ఒకటే పిట్ట.
ఓసారి గుడ్డ మిగిలి నాలుగో కన్ను వేస్తే
కంటిన్యుటీ తప్పిందని తిట్టారు.

మొన్న మనవడు యోగీషు బళ్ళోంచి బొమ్మ తెచ్చాడు.
కోట, బురుజు, జెండా,
జెండా మీద మూడు కళ్ళ నెమలి.
కింద గుండ్రటి అక్షరాల్లో: రాజముద్ర.
పదికి తొమ్మిది.
"ఒకటెందుకు తగ్గిందిరా?"
"నెమలి కోడిలా ఉందంట మామ్మా."
ఏం చెప్పను?
పెన్సిలు ముక్కు చెక్కి ఇచ్చాను.

రెండు సీరియళ్ళూ అయిపోయాయి.
కోటు మేకుకి వేలాడుతోంది.
నెలకోసారి దులుపుతాను.
ఇన్నాళ్ళైనా ఒకటీ అరా చీమ
గోడ పట్టుకొని, జరీ దాటుకొని,
తిన్నగా నెమలి కిందికి దూరుతుంది.
దాన్ని మాత్రం దులపను.

శుక్రవారం కొత్త కంపెనీవాళ్ళు వచ్చారు,
ఆస్థాన కవి వేషానికి ఏమన్నా ఉందా అని.
కోటు తీసి చూపించాను.
ఎడంచెయ్యి పొట్టి బాబూ, ముందే చెప్తున్నాను, అన్నాను.
పర్లేదమ్మా, అన్నాడు కుర్రాడు కొలతలు రాసుకుంటూ,
కవి కదా,
చేతులు కట్టుకునే ఉంటాడు.